పేగన్, హీథెన్, రొమువా, సర్నా: మతం గడిలో ఏ పేరు రాయాలి?

సంక్షిప్తంగా

క్రైస్తవం రాకముందు యూరప్ కొలిచిన దేవతలను మళ్లీ కొలుస్తున్నవాళ్లు నేడు బ్రిటన్, ఐస్‌లాండ్, లిథువేనియా, గ్రీస్, అమెరికాల్లో గణనీయంగా ఉన్నారు. వాళ్లకు ఉమ్మడి గ్రంథం లేదు, పీఠం లేదు, అందరూ ఒప్పుకున్న పేరూ లేదు. పేగన్, విక్కన్, డ్రూయిడ్, హీథెన్, బహుదేవతారాధకులు అనే పేర్లలో దేన్ని ఎంచుకున్నారన్నదాన్ని బట్టి జనగణనలో వాళ్ల సంఖ్య మారింది. వాళ్ల పెళ్లిళ్లకు చట్టబద్ధత, చివరికి సమాధిరాయి మీద చెక్కే గుర్తు కూడా ఆ పేరు మీదే ఆధారపడ్డాయి. భారత్‌లో ఆదివాసుల మతాన్ని ఏమని రాయాలంటూ సర్నా, గోండి, కోయ పునెం పేర్ల మీద నడుస్తున్న చర్చ కూడా ఇదే కోవలోది.

పేరు పెట్టింది బయటివాళ్లు

ప్రాచీన రోమ్‌లో ఒక మనిషిని ఆపి నీ మతం ఏదని అడిగితే ప్రశ్నే అర్థమయ్యేది కాదు. నగర దేవతకు నగరమంతా బలి ఇచ్చేది. ఇంటి దేవతకు ఇంటి పెద్ద నైవేద్యం పెట్టేవాడు. పంటకో పండుగ, యుద్ధానికో మొక్కు ఉండేవి. వీటన్నిటినీ కలిపి చెప్పే పేరు ఎవరికీ అవసరపడలేదు. నాలుగో శతాబ్దంలో సామ్రాజ్యం క్రైస్తవం వైపు మళ్లాక, అటు వెళ్లనివాళ్లందరినీ లాటిన్ క్రైస్తవులు 'పాగానుస్' అన్నారు. పల్లెటూరివాడు అన్న అర్థంలో అప్పటికే వాడుకలో ఉన్న మాట అది. ఉత్తరాది భాషల్లో 'హీథెన్' ఆ పని చేసింది. తెలుగు బైబిలు చదివినవాళ్లకు 'అన్యజనులు' అనే మాట తెలుసు. అది కూడా లోపలివాళ్లు బయటివాళ్లకు పెట్టిన పేరే.

పదిహేను వందల ఏళ్లు నిందగా నడిచిన ఈ మాటను ఇరవయ్యో శతాబ్దంలో కొందరు కోరి నెత్తిన పెట్టుకున్నారు. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. ఆ తర్వాత జెరాల్డ్ గార్డ్‌నర్ అనే విశ్రాంత ఉద్యోగి తన బృందం పూజావిధానాన్ని బహిరంగపరిచాడు. ఇప్పుడు విక్కా అని పిలుస్తున్నది దాన్నే. 1960లలో బ్రిటన్‌లో ప్రాచీన కెల్టిక్ పూజారుల పేరు పెట్టుకున్న కొత్త డ్రూయిడ్ సంఘాలు, అమెరికాలో 'నియో పేగన్' అని చెప్పుకున్న బృందాలు పుట్టాయి. 1972లో ఐస్‌లాండ్‌లో థోర్, ఓడిన్ దేవతల ఆరాధకుల సంఘం ఏర్పడింది. తర్వాత గ్రీకు, రోమన్, ఈజిప్టు దేవతలను కొలిచే సంఘాలూ వచ్చాయి.

వీళ్లలో ఎక్కువమంది ఆ మతంలో పుట్టినవాళ్లు కారు, పెద్దయ్యాక చేరినవాళ్లు. ఇంట్లో తరతరాలుగా వచ్చిన మతమైతే దానికి పేరు వెతుక్కునే పని ఉండదు. కొత్తగా వచ్చిన మనిషికి మాత్రం ఏ దేవతను కొలవాలన్న ప్రశ్నతో పాటే తనను తాను ఏమని చెప్పుకోవాలన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది.

ఒక్కో పేరు ఒక్కో సంగతి చెబుతుంది

ఈ పేర్లన్నీ ఒకే జాబితాలో కనిపిస్తాయి గానీ చెప్పే సంగతులు వేరు. గందరగోళానికి అసలు కారణం ఇదే. 'విక్కన్' అన్నది సాధన పద్ధతిని చెబుతుంది. సంప్రదాయ విక్కాలో దీక్ష, చిన్న బృందం, ఒక దేవి, ఒక దేవుడు, ఏడాదికి ఎనిమిది పండుగలు ఉంటాయి. 'ఆసాత్రూ', నేటి వాడుకలో 'హీథెన్' అన్నవి ఏ దేవగణాన్ని కొలుస్తున్నారో చెబుతాయి: థోర్, ఓడిన్ వంటి ఉత్తర యూరప్ దేవతలను. 'రొమువా' ఒక దేశపు, లిథువేనియా సంస్థ పేరు. 'బహుదేవతారాధకులు' అన్నది దేవతల గురించిన నమ్మకాన్ని చెబుతుంది. 'పేగన్' వీటన్నిటి మీదా పరిచిన పందిరి.

ఆ పందిరి కింద ఉన్న అందరూ బహుదేవతారాధకులు కారు. ప్రకృతే దైవమనేవాళ్లున్నారు. దేవతలు మనసులోని శక్తులకు ప్రతీకలనేవాళ్లున్నారు. అసలు దేవుడే లేడు, రుతువులకు తగ్గ పండుగలు చాలు అనేవాళ్లూ ఉన్నారు. దీన్ని ఒప్పుకోలేని వర్గం 2010 తర్వాత అమెరికాలో స్పష్టంగా వేరుపడింది. దేవతలు వేర్వేరు వ్యక్తిత్వాలున్న నిజమైన సత్తలని వీళ్ల నమ్మకం. ప్రకృతి ప్రేమకో మానసిక వికాసానికో పెట్టిన పేరు కింద తమ ఆరాధన కరిగిపోతోందని వీళ్ల అభ్యంతరం. అందుకే చాలామంది 'పేగన్' మాట వదిలేసి 'పాలీథీయిస్ట్' అని మాత్రమే చెప్పుకుంటున్నారు.

ఈ వాదంలో పస ఉంది. అయితే ఆ మాటకూ ఒక పరిమితి ఉంది. ఎందరు దేవతలన్నది చెబుతుంది, ఏ దేవతలో చెప్పదు. అపోలోకు ధూపం వేసే గ్రీకు ఆరాధకుడికీ, ఇంద్రుణ్ని పోలిన ఉరుముల దేవుడు పెర్కూనాస్‌ను కొలిచే లిథువేనియా గ్రామస్థుడికీ అది సమానంగా వర్తిస్తుంది. కాబట్టి ఇద్దరికీ ఇంకో పేరు అవసరమవుతుంది.

తెలుగు పాఠకులకు సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. పోచమ్మకు బోనం ఎత్తే మనమూ పేగన్లమేనా? పాశ్చాత్య పేగన్లలో కొందరు అవుననే అంటారు, తెగిపోకుండా నిలిచిన బహుదేవతారాధనకు హిందూ సంప్రదాయాన్ని ఉదాహరణగా చూపిస్తారు. హిందువులు మాత్రం ఆ పేరు వాడుకోలేదు. బ్రిటన్ జనగణన పత్రంలో 'హిందూ' అనే గడి విడిగా ఉంది. గడి దొరికినవాళ్లకు పందిరితో పని లేదు. దొరకనివాళ్ల సంగతే అసలు విషయం.

బ్రిటన్ జనగణన: విడిపోతే కనిపించరు

ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో మతం ప్రశ్న 2001లో మొదలైంది. జవాబు ఇవ్వడం ఐచ్ఛికం. క్రైస్తవం, ఇస్లాం, హిందూ వంటి పెద్ద మతాలకు గడులు ఉంటాయి, మిగిలినవాళ్లు 'ఇతర మతం' దగ్గర చేత్తో రాయాలి. రాసింది రాసినట్టుగా లెక్కిస్తారు. 2001లో పేగన్ అని రాసినవాళ్లు సుమారు 31 వేలు, విక్కా అని రాసినవాళ్లు సుమారు 7 వేలు. అదే జనగణనలో స్టార్ వార్స్ సినిమాల ప్రేరణతో 'జెడై' అని రాసినవాళ్లు 3 లక్షల 90 వేల మంది! నిష్ఠగా పూజలు చేసే సమాజం ఆ సరదా అంకె పక్కన చిన్నబోయింది.

2011 జనగణనకు ముందు పేగన్ సంఘాలు ఒక ఉపాయం ఆలోచించాయి. ముందు 'పేగన్' అని రాసి, గీత పెట్టి, ఆ తర్వాత సొంత సంప్రదాయం పేరు రాయమన్నాయి: పేగన్–విక్కా, పేగన్–డ్రూయిడ్, పేగన్–హీథెన్. ఈ ప్రచారానికి 'పేగన్ డాష్' అని పేరు. మన ఇంటిపేరు, పేరు పద్ధతి లాంటిదే ఇది. మొదటి మాట ఏ కుదురు వాళ్లో చెబుతుంది, రెండోది మనిషిని పోల్చుకోనిస్తుంది.

2011లో పేగన్ అని నమోదైనవాళ్లు సుమారు 57 వేలకు చేరారు, విక్కా సుమారు 12 వేలు. డ్రూయిడ్ 4 వేలు దాటింది, హీథెన్ 2 వేలకు దగ్గరగా ఆగింది. 2021 నాటికి పేగన్ 74 వేలు, విక్కా 13 వేలు అయ్యాయి. పేగన్ పేరు ఇరవై ఏళ్లలో రెట్టింపుకు మించి పెరిగింది, విక్కా పెరుగుదల చివరి పదేళ్లలో దాదాపు నిలిచిపోయింది. దీన్నిబట్టి విక్కా సాధకులు తగ్గారని తేల్చలేం. మునుపు విక్కా అని రాసినవాళ్లే ఈసారి పేగన్ అని రాసి ఉండొచ్చు. షామనిజం (ఆత్మలతో మాట్లాడతారనే పూజారుల సంప్రదాయం) 2011లో 650 మంది నుంచి 2021లో 8 వేలకు ఎగబాకడాన్నీ ఇంతే జాగ్రత్తగా చదవాలి. చిన్న మతాల అంకెల్లో జనం మారడం కన్నా పేరు మారడమే ఎక్కువ కనిపిస్తుంది.

పందిరి పేరు బలం ఇస్తుందన్నది నిజమే గానీ, ప్రభుత్వ కార్యాలయంలో అది అన్నిసార్లూ పనిచేయలేదు. ఇంగ్లండ్, వేల్స్ చారిటీ కమిషన్ 2010లో డ్రూయిడ్ నెట్‌వర్క్‌ను మత సంస్థగా నమోదు చేసుకుంది. అలాంటి నమోదుకు ఏ నమ్మకం, ఏ ఆరాధన, సమాజానికి ఏం మేలు అన్న ప్రశ్నలకు తిన్నని జవాబులు కావాలి. ఒక నిర్దిష్ట సంప్రదాయం వాటిని చెప్పగలదు. అందరినీ కలుపుకొన్న పందిరికి అది కష్టం. లెక్కకు పెద్ద పేరు, గుర్తింపుకు చిన్న పేరు నప్పుతాయన్నమాట.

ఐస్‌లాండ్: పేరు వెంట డబ్బు

ఐస్‌లాండ్‌లో ప్రభుత్వం దగ్గర నమోదైన ప్రతి మత సంఘానికీ సభ్యుల సంఖ్యను బట్టి ఖజానా నుంచి ఏటా సొమ్ము వెళుతుంది. మత నమోదు అక్కడ జనాభా రికార్డులో భాగం. స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే గొర్రెల కాపరి, కవి నాయకత్వంలో 1972లో ఏర్పడిన ఆసాత్రూ సంఘానికి మరుసటి ఏడాదే గుర్తింపు వచ్చింది. వాళ్ల పూజారులు చేయించే పెళ్లి చట్టబద్ధం. గుప్పెడు మందితో మొదలైన సంఘం ఇప్పుడు 5 వేల సభ్యత్వం దాటింది. నాలుగు లక్షల జనాభా కూడా లేని దేశంలో అది చిన్న అంకె కాదు.

అదే పద్ధతి ఇంకో వింతకూ దారి తీసింది. ప్రాచీన సుమేరియా దేవతల పేరుతో 2013లో నమోదైన 'జూయిజం' అనే సంఘం, ప్రభుత్వం ఇచ్చే సొమ్మును సభ్యులకే తిరిగి పంచుతామని 2015 చివర్లో ప్రకటించింది. కొన్ని వారాల్లోనే 3 వేల మందికి పైగా చేరారు. వాళ్లలో ఎక్కువమంది మెసొపొటేమియా దేవతల కోసం రాలేదు, మతానికి ప్రభుత్వ సొమ్ము ఇవ్వడం మీద నిరసనగా వచ్చారు. మత నమోదు అంకెను భక్తుల అంకెగా చదవకూడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

లిథువేనియా: కాపాడిన పేరే అడ్డొచ్చింది

యూరప్‌లో చివరగా, 1387లో, అధికారికంగా క్రైస్తవం తీసుకున్న దేశం లిథువేనియా. పాత దేవతల పాటలు పల్లెల్లో చాలాకాలం నిలిచాయి. సోవియట్ పాలనలో, 1967లో యోనాస్ ట్రింకూనాస్, ఆయన మిత్రులు కెర్నవే అనే పురాతన స్థలంలో పగలు అత్యంత పొడవుగా ఉండే రోజున వచ్చే వేసవి పండుగను తిరిగి జరిపారు. మతం పేరెత్తితే ఒప్పుకోని రోజులవి. అందుకే జానపద సంస్కృతి, స్థానిక చరిత్ర అన్న పేరుతో పని నడిపారు. ఆ ముసుగు కూడా ఎక్కువ కాలం నిలవలేదు, 1970ల మొదట్లోనే అణచివేత మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1992లో ఈ ఉద్యమం రొమువా పేరుతో మత సంఘంగా నమోదైంది. అక్కడి చట్టంలో మూడు మెట్లున్నాయి. తొమ్మిది సంప్రదాయ మతాలు పై మెట్టు. ప్రభుత్వ గుర్తింపు పొందినవి రెండోది. నమోదైనవి మాత్రమే అయినవి కింది మెట్టు. నమోదైన 25 ఏళ్ల తర్వాత గుర్తింపు అడగవచ్చు. అది దొరికితే ఆ మతాచారం ప్రకారం జరిగిన పెళ్లి చట్టబద్ధమవుతుంది, బడిలో ఆ మత బోధనకు వీలవుతుంది.

న్యాయశాఖ సానుకూలంగా చెప్పినా 2019లో పార్లమెంటు గుర్తింపు నిరాకరించింది. రొమువా నిజంగా మతమేనా, సంస్కృతీ సంఘమా అన్న వాదన ఆ చర్చలోకి వచ్చింది. సోవియట్ కాలంలో ప్రాణరక్షణ కోసం కట్టుకున్న జానపద వేషమే స్వతంత్ర దేశంలో ఎదురు తిరిగిందన్నమాట. 2021 జూన్‌లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ నిరాకరణ వివక్షేనని తేల్చింది. మూడేళ్ల తర్వాత, 2024 డిసెంబరులో, పార్లమెంటు గుర్తింపు ఇచ్చింది. పెద్దగా వార్తలకెక్కని ఈ విజయం వెనుక రెండు తరాల ఓర్పు ఉంది.

రొమువా వంటి సంఘాలు 'పేగన్' మాటకు దూరంగా ఉండటానికి కారణం కూడా ఇక్కడే తెలుస్తుంది. 1998లో విల్నియస్‌లో మొదలై ఇప్పుడు యూరోపియన్ కాంగ్రెస్ ఆఫ్ ఎథ్నిక్ రిలిజియన్స్ అని పిలుస్తున్న వేదికలో రొమువాతో పాటు గ్రీకు సంఘం కూడా ఉంది. తమది కొత్తగా కల్పించిన మతం కాదని, ఆ నేల మీద పుట్టిన మతమని చెప్పుకోవడానికి వీళ్లు 'ఎథ్నిక్', 'నేటివ్' వంటి మాటలు వాడతారు. సొంత దేశపు పార్లమెంటుతో మాట్లాడేటప్పుడు ఆ మాటకు బరువుంటుంది.

నేల పేరులోని చిక్కు

అదే మాట అమెరికాలో ఇంకో అర్థం తెచ్చుకుంది. ఓడిన్ ఆరాధన ఉత్తర యూరప్ రక్తం ఉన్నవాళ్లకే అనే 'ఫోకిష్' వర్గం అక్కడ ఉంది. ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ దానికి ప్రధాన సంస్థ. పిలుపు విన్న ఎవరైనా రావచ్చనే వర్గానికి 1987లో ఏర్పడిన 'ది ట్రోత్' పాత సంస్థ. 2016లో పలు దేశాల హీథెన్ సంఘాలు ఆ అసెంబ్లీతో సంబంధం తెంచుకుంటూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. చెడును చెడని బయటపెట్టమనే హావమాల్ అనే పాత నార్స్ కావ్యంలోని 127వ పద్యం పేరే దానికి పెట్టారు.

దీని ఫలితం పేర్ల మీద పడింది. 'ఓడినిస్ట్' అనే మాటకు అక్కడ జాతివాద వాసన అంటుకుంది. మెడలో థోర్ సుత్తి వేసుకున్న మామూలు భక్తుడు, తానెవరో చెప్పాక ఎవరు కాదో కూడా చెప్పాల్సి వస్తోంది. 'ఇన్‌క్లూజివ్ హీథెన్' వంటి జంట పేర్లు అందుకే పుట్టాయి. దేవతలు అవే, పూజ అదే అయినా, పేరు ముందున్న విశేషణం వల్ల పక్కవాళ్లకు రాజకీయం అర్థమవుతోంది. అమెరికా హీథెన్ల చర్చల్లో దీనిమీద చాలా శ్రమ పెడుతున్నారు. పెట్టడం న్యాయం కూడా. బయటివాళ్లు తమను తప్పుగా పోల్చుకుంటే నష్టపోయేది ఆ మామూలు భక్తుడే.

జైలు, సైన్యం, సమాధిరాయి

అమెరికా జనగణన మతం అడగదు. అక్కడ పేరు అవసరమయ్యేది కోర్టులో, జైల్లో, సైన్యంలో. ఒక ఖైదీ వేసిన దావాలో ఫెడరల్ అప్పీలు కోర్టు 1986లో విక్కా మతమేనని ఒప్పుకుంది. అయినా మృత సైనికుల సమాధిరాళ్ల మీద చెక్కే గుర్తుల ప్రభుత్వ జాబితాలో విక్కా పంచకోణ నక్షత్రం చేరడానికి 2007 దాకా పట్టింది, అదీ వితంతువులు, సంఘాలు దావాకు వెళ్లాకే. థోర్ సుత్తి 2013లో చేరింది. సైన్యం వాడే మతాల కోడ్ జాబితాను 2017లో రెండు వందలకు పైగా పేర్లకు విస్తరించారు. జాబితాతో పనిచేసే వ్యవస్థకు సందిగ్ధం పనికిరాదు. 'ప్రకృతిని ప్రేమించే ఆధ్యాత్మిక మార్గం' అని మాత్రమే చెప్పుకునే మనిషికి అక్కడ హక్కు అడగడం కష్టం.

భారత్‌లో ఏడో గడి

మన జనగణనలో ఆరు మతాలకు కోడ్ ఉంది: హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన. మిగిలినవాళ్లు పేరు రాయించాలి. బ్రిటిష్ కాలంలో ఆదివాసుల మతాన్ని 1901లో 'ఆనిమిస్ట్' అన్నారు, 1931లో 'గిరిజన మతాలు' అన్నారు. అవీ బయటివాళ్లు పెట్టిన పేర్లే. స్వాతంత్ర్యం తర్వాత ఆ ప్రత్యేక గడి నిలవలేదు.

2011లో 'ఇతర మతాలు' కింద లెక్కకు వచ్చినవాళ్లు 79 లక్షల మంది. అందులో 49 లక్షలకు పైగా సర్నా. గోండి మతం అని రాయించినవాళ్లు సుమారు 10 లక్షలు. సంతాలుల్లో చాలామంది రాయించిన సరి ధర్మం సుమారు 5 లక్షలు. అరుణాచల్ ప్రదేశ్ దోన్యీ పోలో (సూర్యచంద్రుల ఆరాధన) 3 లక్షలు దాటింది. సర్నా అంటే సాల చెట్ల పవిత్ర వనం. అది ఛోటానాగపూర్ ఆచారం. అందుకే జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో తీర్మానం చేసినప్పుడు 'సర్నా ఆదివాసీ ధర్మ కోడ్' అని రెండు మాటలు జోడించింది. పశ్చిమ బెంగాల్ శాసనసభ 2023లో సరి, సర్నా రెండింటినీ పేర్కొంది. బ్రిటన్ పేగన్లు అడ్డగీతతో చేసిన పనినే వీళ్లు తీర్మానంతో చేశారు.

తెలంగాణకు ఈ చిక్కు దగ్గరిదే. కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశీయులు పుష్య మాసంలో కాలినడకన గోదావరి జలం తెచ్చి పూజ మొదలుపెడతారు. గోండుల ఒక్కో వంశానికీ పెర్సా పేన్ (వంశ దైవం) ఉంటుంది. కోయలకు వంశాల వేల్పులు, పడిగెలు (వేల్పుల గుడ్డ జెండాలు) ఉంటాయి. గోండు పండితుడు మోతీరామ్ కంగాలీ వంటివారు ఈ సంప్రదాయాన్ని కోయ పునెం పేరుతో వివరించారు. సాల వనం లేని చోట సర్నా అనే పేరు అతకదు. గోండి అని రాస్తే కోయలు అందులో ఇమడరు. ఆదివాసీ ధర్మం అంటే అందరూ వస్తారు గానీ, మేడారం గద్దెకూ ఈశాన్య కొండల సూర్యచంద్రులకూ ఉన్న తేడా లెక్కలో కనిపించదు. ఉమ్మడి కోడ్, దాని కింద సంప్రదాయం పేరు రాసే వీలు రెండూ ఉంటేనే ఈ పేచీ తీరుతుంది. ఇప్పుడున్న పద్ధతిలో రెండో భాగం మాత్రమే ఉంది.

చాలామందిని ఆపుతున్నది భయం. మతం గడిలో వేరే పేరు రాయిస్తే రిజర్వేషన్ పోతుందన్న మాట ఊళ్లలో వినిపిస్తుంది. షెడ్యూల్డ్ కులాల హోదాకు మతంతో ముడి ఉంది, షెడ్యూల్డ్ తెగల హోదాకు లేదు. జనగణన చట్టం 1948లోని 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తి ఇచ్చిన వివరాలు గోప్యం, వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడలేరు.

ఆస్తి, పెళ్లి విషయాల్లో మాత్రం మతం ప్రశ్న కోర్టుల్లో నిజంగానే లేస్తోంది. హిందూ వివాహ, వారసత్వ చట్టాలు కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించవు. అయినా 2000లో ఒక సంతాలు కుటుంబం కేసులో, వాళ్లు హిందూ ఆచారాలు పాటిస్తున్నారు కాబట్టి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో ఇంకో కేసులో దంపతులు హిందువులమని చెప్పుకున్నా, తెగ సభ్యులు కాబట్టి హిందూ వివాహ చట్టం వర్తించదని, తెగ ఆచారాన్నే చూడాలని అదే కోర్టు అంది. మొదటి కేసులో ఆచరణ తూగింది, రెండోదాంట్లో తెగ తూగింది. రెండింటిలోనూ జనగణన గడి ప్రస్తావనకు రాలేదు. ఇలాంటి కేసుల్లో నిలిచేది వంశాచారానికి సాక్ష్యం: పెళ్లి ఎలా జరిగింది, ఏ వేల్పును కొలిచారు, దినం ఎవరు చేయించారు.

2027 జనగణన మొబైల్ యాప్ ద్వారా జరుగుతుంది, ఇంటివాళ్లే సొంతంగా నింపే వీలూ ఉంటుంది. కాగితం మీద గణకుడి చేతిలో ఉండే నిర్ణయం కొంత ఇంటివాళ్ల చేతికి వస్తుంది. అడగకుండానే 'హిందూ' కోడ్ వేసేశారన్న ఫిర్యాదు ఆదివాసీ సంఘాల నుంచి చాలాకాలంగా ఉంది. గణకుడే వచ్చి నింపితే, ఆరు కోడ్లలో లేని మతం పేరును ఇంటివాళ్లు స్పష్టంగా చెప్పి, ఎలా నమోదైందో చదివించుకోవాలి. ఒకే ఊరివాళ్లు ఒకే అక్షరక్రమంతో రాయించడం కూడా ముఖ్యమే. కోయ పునెం, కోయ ధర్మం, గోండి, గోండ్ అని నాలుగు రకాలుగా నమోదైతే పట్టికలో నాలుగు వేర్వేరు వరుసలుగా తేలే అవకాశం ఉంది.